ఏ తేదీ నాటి ఓడ?

చంద్రపూర్‌లో ఉంటూ ఓడలు చేస్తానంటే నవ్వనివాళ్లు తక్కువ. మా ఊరికి బొగ్గు గనులున్నాయి, థర్మల్ స్టేషనుంది, పక్కన బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లుంది, తాడోబాలో పులులున్నాయి. లేనిదల్లా సముద్రమే. ఏ దిక్కుకి పోయినా వందల కిలోమీటర్లు దాటితేగాని ఉప్పునీళ్లు కనబడవు. అయినా పాతికేళ్లుగా తీరిక దొరికినప్పుడల్లా నేను చేసే పని ఇదే. అసలు ఓడలో నూరో వంతో, మూడొందల యాభయ్యో వంతో కొలత పెట్టుకుని, యుద్ధనౌకల నమూనాలు చెయ్యడం.

చూడటానికొచ్చినవాళ్లు ఎన్నాళ్లు పట్టిందనీ, ఎంత ఖర్చయిందనీ అడుగుతారు. ఇది ఏ తేదీ నాటి ఓడ అని మాత్రం ఎవరూ అడగరు. నిజానికి నా తీరికలో సగం ఆ ప్రశ్నకే పోతుంది. మన పాత ఇళ్లకి ఒక ఏడు వసారా దింపుతాం, ఇంకో ఏడు వంటిల్లు కలుపుతాం, మరో ఏడు అరుగు కొట్టేసి షాపు పెడతాం. ఓడ సంగతీ అంతే. రేవులో మరమ్మతుకి ఎక్కిన ప్రతిసారీ ఏదో ఒకటి చేరుతుంది, ఏదో ఒకటి పోతుంది. పేరు మాత్రం అలాగే ఉంటుంది. అందువల్ల ‘విక్రాంత్ నమూనా’ అన్నమాట సగం మాటే. ఏ సంవత్సరపు విక్రాంత్ అన్నది మిగతా సగం.

విక్రాంత్‌నే తీసుకుందాం. మహారాష్ట్రలో ఉన్న మనవాళ్లలో చాలామంది ఆ ఓడ ఎక్కినవాళ్లే. 1997 జనవరి 31న నౌకాదళం దాన్ని సేవ నుంచి తప్పించింది. తర్వాత 2001 నుంచి 2012 దాకా ముంబైలో మ్యూజియంగా ఉంది. 2014లో తుక్కు కింద విరగ్గొట్టారు. ఆ ఉక్కులో కొంత బజాజ్ వాళ్లు కొని, 2016లో వీ-15 అనే మోటారుసైకిల్లో వాడారు. మా కాలనీలో అలాంటి బండి ఒకటుంది. దాన్ని చూసినప్పుడల్లా, నేను కొలతలు వెతుక్కుంటున్న ఓడ పెట్రోలు ట్యాంకై నా ముందునుంచే పోతోంది గదా అనిపిస్తుంది.

ఆ మ్యూజియంలో కొలతలు, ఫోటోలు తీసుకుని 1971 నాటి విక్రాంత్ చేస్తే మాత్రం తప్పు నమూనా వస్తుంది. 1971లో ఆ ఓడ ముందుభాగం చదునుగా ఉండేది. సీ హాక్ జెట్లనీ అలిజే విమానాలనీ ఆవిరితో పనిచేసే క్యాటపల్టు పట్టాల మీద లాగి గాలిలోకి విసిరేది. సీ హ్యారియర్లు వచ్చాక, 1980ల చివరి మరమ్మతులో, ఆ క్యాటపల్టు తీసేసి ముందువైపు డెక్కుని పైకి వంచి ఏటవాలు కట్టారు. ముంబైలో మనం చూసింది ఆ వంపున్న ఓడని. తూర్పు బంగాళాఖాతంలో యుద్ధం చేసిన ఓడకి ఆ వంపే లేదు. పోటీల్లో బహుమతులు కొట్టిన నమూనాల్లో కూడా వంపు డెక్కు మీద సీ హాక్‌లు నిలబెట్టినవి చూశాను. పెద్దాయన పెళ్లినాటి ఫోటోలో మనవణ్ణి కూర్చోబెట్టినట్టుంటుంది అది.

పేర్లతో మరో చిక్కు. నౌకాదళాలు పాత ఓడ పేరుని కొత్త ఓడకి పెడతాయి. ఇప్పుడున్న విక్రాంత్ 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో సేవలో చేరినది, అది వేరు. రాజ్‌పుత్ అన్న పేరు గలవి కూడా రెండు. ఒకటి డీ-141 సంఖ్య గల బ్రిటిష్ డిస్ట్రాయర్. రెండోది డీ-51 సంఖ్య గల సోవియట్ డిస్ట్రాయర్, 1980లో చేరి 2021 మే 21న విశాఖపట్నంలోనే విరమించింది. 1971 యుద్ధం గురించి రాసి పక్కన ఆ సోవియట్ ఓడ బొమ్మ వేసే పత్రికలు ఈనాటికీ ఉన్నాయి. యుద్ధం జరిగిననాటికి ఆ ఓడ సేవలోనే లేదు. పాకిస్తాన్‌లోనూ ఇదే కథ. మునిగిపోయిన ఘాజీ పేరునే 1975లో పోర్చుగల్ నుంచి కొన్న మరో జలాంతర్గామికి పెట్టుకున్నారు. అది ఫ్రెంచి తయారీ, పొట్టిది, ఆకారం పూర్తిగా వేరు.

ఘాజీ మాట వచ్చింది గనక అసలు విషయానికొస్తాను. నేను చేసినవాటిలో ఎక్కువ కాలం పట్టినవీ, ఎక్కువ మాటలు పడ్డవీ ఘాజీ, రాజ్‌పుత్ జంట. రెండూ నూరో వంతు. ఘాజీ పొడవు 311 అడుగుల 8 అంగుళాలు, అంటే 95 మీటర్లు. నమూనా 95 సెంటీమీటర్లు. రాజ్‌పుత్ 109 సెంటీమీటర్లు. విక్రాంత్‌ని కూడా ఇదే కొలతలో చెయ్యాలంటే రెండు మీటర్లు దాటుతుంది. మా క్వార్టర్సు గదిలో అది పెడితే మేం బయట పడుకోవాలి. దాన్ని 350వ వంతులో, 61 సెంటీమీటర్లతో సరిపెట్టాను.

ఘాజీ పుట్టుక అమెరికాలో. పోర్ట్స్‌మత్ నౌకా నిర్మాణ కేంద్రంలో కట్టి, 1944 డిసెంబరు 1న నీళ్లలోకి దించారు. అప్పటి పేరు డియాబ్లో. టెంచ్ తరగతి జలాంతర్గామి. ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు. పసిఫిక్‌లో అది రంగంలోకి దిగేసరికి ప్రపంచయుద్ధం ముగిసిపోయింది. 1964లో అమెరికా దాన్ని పాకిస్తాన్‌కి అద్దెకిచ్చింది. దక్షిణాసియాలో ఏ దేశానికైనా అదే మొదటి జలాంతర్గామి.

అమెరికన్ జలాంతర్గాముల ప్లాస్టిక్ కిట్లు బజారులో దొరుకుతాయి. రెవెల్ కంపెనీది 72వ వంతు గాటో తరగతి చాలా పేరున్నది. పైపైన చూస్తే టెంచ్ కూడా దాని పోలికే. ఆ కిట్టు కొని, నలుపు పూసి, పాకిస్తాన్ జెండా పెట్టి ఘాజీ అనేస్తారు. ఆ కిట్లు చూపించేది రెండో ప్రపంచయుద్ధం నాటి రూపం. డెక్కు మీద ఫిరంగి ఉంటుంది, టవరు చుట్టూ రెయిలింగులు, చిన్న తుపాకులు ఉంటాయి. డియాబ్లోని పాకిస్తాన్‌కి ఇవ్వకముందే అమెరికా వాళ్లు దాని రూపం మార్చారు. డెక్కు ఫిరంగులు తీసేశారు. నీళ్లు సాఫీగా జారేలా టవరు చుట్టూ నున్నటి తొడుగు వేశారు. నీటి అడుగునుంచే డీజిల్ ఇంజన్లకి గాలి పీల్చుకునే స్నార్కెల్ గొట్టం అమర్చారు. కాబట్టి ఘాజీ డెక్కు మీద ఫిరంగి కనబడితే ఇక ఆ నమూనా గురించి మాట్లాడక్కర్లేదు. అక్కడితోనూ అయిపోలేదు. 1960ల చివర్లో ఘాజీ మరమ్మతు కోసం టర్కీ వెళ్లింది. సూయజ్ కాలువ మూతబడి ఉండటంతో ఆఫ్రికా ఖండం చుట్టూ తిరిగి వెళ్లవలసి వచ్చింది. 1965 యుద్ధంలో బొంబాయి బయట తిరిగిన ఘాజీకీ, 1971లో విశాఖ బయటికొచ్చిన ఘాజీకీ మధ్య ఆ టర్కీ మరమ్మతు ఉంది. ఫోటో దొరికితే ముందు నేను వెతికేది తేదీ. తేదీ లేని ఫోటో ఎంత బాగున్నా పక్కన పెడతాను.

కొలతలకి పెద్ద ఆధారం నక్షాలు. అమెరికా నౌకాదళం ఒక్కో ఓడకి సాధారణ నక్షాల పుస్తకం తయారుచేసేది. వాటిలో చాలా ఇప్పుడు ఎవరైనా చూడొచ్చు. బ్రిటిష్ ఓడల నక్షాలకి గ్రీనిచ్ నౌకా మ్యూజియం పెద్ద దిక్కు. అక్కడ ‘యాజ్ ఫిటెడ్’ అనే నక్షాలుంటాయి. కట్టకముందు గీసినవి వేరు, కట్టాక ఉన్నదున్నట్టు గీసినవి వేరు. ఇల్లు కట్టించినవాళ్లకి ఈ తేడా విడమరచి చెప్పక్కర్లేదు. మునిసిపాలిటీకి ఇచ్చిన ప్లాను చూసి ఇంట్లో మెట్లు ఎక్కడున్నాయో చెప్పగలమా?

విశాఖ వెళ్లినవాళ్లు రామకృష్ణా బీచిలో కురుసుర చూసే ఉంటారు. 2002లో మ్యూజియం అయింది. లోపలికి వెళ్లి నడిచి రావచ్చు. ఘాజీ లోపల కూడా ఇలాగే ఉండేదేమో అనుకుంటారు. కురుసుర సోవియట్ ఫాక్స్‌ట్రాట్ తరగతిది. పొడవు 91 మీటర్లు. విచిత్రంగా దీనికీ ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలే. పోలిక అక్కడితో సరి. అయినా బల్లార్షాలో రైలెక్కి విజయవాడ మీదుగా దాన్ని చూడటానికి రెండుసార్లు వెళ్లాను. గొట్టాల నడుమ మనిషి ఎంత ఒదిగి తిరగాలో, పడుకునే బల్ల ఎంత ఇరుకో నక్షాలో కనబడదు. అది చూశాక ఘాజీ డెక్కు మీద నేను నిలబెట్టిన రెండు సెంటీమీటర్ల బొమ్మ మనుషుల ఎత్తు మళ్లీ సరిచూసుకున్నాను.

కర్ర గురించి ఒక మాట. చంద్రపూర్‌వాడినని తెలియగానే, టేకుతో చేస్తావా అంటారు అందరూ. మా ఆలాపల్లి, బల్లార్షా టేకు దేశమంతా పేరు పొందిందే. అసలు ఘాజీ లాంటి అమెరికన్ జలాంతర్గాముల డెక్కు మీద పరిచినవీ టేకు పలకలే. కాని నూరో వంతు ఓడకి టేకు పనికిరాదు. దాని చార పెద్దది. నమూనా డెక్కు మీద ఆ చార ఒక్కోటి అసలు ఓడలో చెయ్యంత వెడల్పు కాలవలా కనిపిస్తుంది. ఇక్కడి అడవుల్లోనే మరాఠీవాళ్లు హళదు అనే చెట్టుంది. పసుపు రంగు, సన్నని చార, సాపుగా చెక్కుకుంటుంది. నేను వాడేది అదే. ఎండాకాలం మాత్రం పని ఆపెయ్యాల్సిందే. నలభై ఆరు, నలభై ఏడు డిగ్రీల ఎండలో కుంచెలో రంగు ఓడని చేరకముందే ఆరిపోతుంది.

రంగుల దగ్గర పాత ఫోటోలు బాగా మోసం చేస్తాయి. కొన్ని పాత ఫిల్ముల్లో ఎరుపు నల్లగా పడుతుంది, నీలం తెల్లబడుతుంది. ఫోటోలో ఉన్న బూడిద రంగుని బట్టి ఓడ రంగు చెప్పలేం. స్వీడన్ వాళ్ల వాసా అనే ఓడ 1628లో మొదటి ప్రయాణంలోనే మునిగి, 1961లో పైకొచ్చింది. దాని వెనకభాగం నీలం మీద బంగారమని చాలాకాలం నమ్మారు. తర్వాత చెక్కల్లో మిగిలిన రంగు రేణువులు పరీక్షిస్తే ఎరుపూ ఇంకా ఎన్నో గాఢమైన రంగులూ బయటపడ్డాయి. ఇప్పుడు అక్కడి మ్యూజియంలో ఉన్న పదో వంతు నమూనాకి ఆ రంగులే ఉన్నాయి. అసలు ఓడే కళ్లముందున్నవాళ్ల సంగతి అలా ఉంది.

తెలుగు లెక్చరరు ఒకాయన, శత్రువుల పడవలెందుకు, మన శాతవాహనుల ఓడ చెయ్యకూడదా అన్నారు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ ఉన్న మాట నిజం. మా చాందా జిల్లాలో కూడా శాతవాహన నాణేల రాశి దొరికింది. ఓడ బొమ్మవి మాత్రం తూర్పుతీరానివి. కాని గోటంత నాణెం మీద గీతలు చూసి ఓడ అడుగు గుండ్రమా, చదునా, పలకలు తాళ్లతో కుట్టారా, మేకులు కొట్టారా అని చెప్పగలవాడెవడు? చేస్తే అందంగానే వస్తుంది. దాన్ని శాతవాహనుల ఓడ అని పిలవడానికి నాకు నోరు రాదు.

ఇక ఆ రాత్రి సంగతి. 1971 నవంబరు 14న ఘాజీ కరాచీ నుంచి బయలుదేరింది. పాకిస్తాన్ దగ్గరున్న మిగతా మూడు జలాంతర్గాములూ ఫ్రెంచివి, చిన్నవి. బంగాళాఖాతం దాకా వచ్చి పనిచెయ్యగలిగింది ఇదొక్కటే. విక్రాంత్‌ని వెతకడం దాని పని. మన తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని ముందే అండమాన్ వైపు పంపేశారు. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందని నమ్మించడానికి పాత రాజ్‌పుత్ చేత వైర్‌లెస్ సందేశాలు పంపించారు. రాజ్‌పుత్ 1942లో స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులో రోదర్‌హామ్ పేరుతో నీళ్లలోకి దిగిన ఓడ. 1949లో మనకొచ్చింది. 1971 నాటికి అది ముసలిది. డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రేవు నుంచి బయటికొస్తూ, నీళ్లలో ఏదో కదలిక కనబడితే రెండు డెప్త్‌చార్జీలు వదిలింది. కొద్ది నిమిషాల్లో పెద్ద పేలుడు. తెల్లవారాక చేపల వేటకెళ్లినవాళ్లకి తెట్టెలు, చెక్కలు దొరికాయి. డియాబ్లో పేరున్న సామాను కూడా తేలింది. ఘాజీ మునిగిందని మన నౌకాదళం డిసెంబరు 9న ప్రకటించింది. లోపలున్న 93 మందిలో ఒక్కరూ బతకలేదు.

మునిగిన కారణం మీదే వివాదం. రాజ్‌పుత్ ముంచిందన్నది మన అధికారిక కథనం. తను పరచిన మందుపాతరే తగిలిందనో, లోపలే పేలుడు జరిగిందనో పాకిస్తాన్ అంటుంది. మనవాళ్లలోనూ అందరిదీ ఒక మాట కాదు. లెఫ్టినెంట్ జనరల్ జేకబ్ ఢాకా లొంగుబాటు మీద రాసిన పుస్తకంలో, ఘాజీ అంతకుముందే మునిగిందన్నట్టు చెప్పారు. పేలుడు లోపలినుంచి జరిగినట్టుందని మన నౌకాదళ చరిత్రకారులే చర్చించారు. ఆనాటి కొన్ని రికార్డులు ధ్వంసమయ్యాయని 2010లో పత్రికల్లో వచ్చింది. 2024లో మన నౌకాదళం లోతునీటి రక్షణ వాహనంతో శిథిలాన్ని మళ్లీ గుర్తించి, చనిపోయినవారి మీది గౌరవంతో ముట్టుకోకుండా వదిలేసింది.

వ్యాసం రాసేవాడికి ఈ వివాదం ఒక పేరాతో గడిచిపోతుంది. నమూనా చేసేవాడికి అలా కుదరదు. రెండు ఓడల్నీ ఒకే బల్ల మీద పెట్టాలంటే నడుమ ఎన్ని సెంటీమీటర్లు ఉండాలి? డెప్త్‌చార్జీలు గాల్లో ఉన్నట్టా, నీళ్లలో పడ్డట్టా? ఘాజీ ఏ పక్క ఉంది, ఎంత లోతులో ఉంది, ముందుభాగం అప్పటికే చీలిందా? ‘ముంచింది’ అన్న ఒక్క క్రియాపదంలో ఇవన్నీ దాక్కుంటాయి. కర్ర మీద ప్రతిదానికీ ఒక చోటు చూపించాలి. అందుకని రెంటినీ వేర్వేరు పీటల మీద నిలబెట్టాను. 1971 డిసెంబరు 3 సాయంత్రం వాటి రూపాలు అవి. ఆ రూపాలకి నేను పూచీ.

ఒక ఏడు డిసెంబరు 4న, నేవీ డే సందర్భంగా, మా తెలుగువాళ్లు స్కూలు హాల్లో వాటిని ప్రదర్శనకి పెట్టారు. (నేవీ డే ఘాజీ కోసం అనుకునేవాళ్లు మనలో చాలామంది. అది కరాచీ మీద మన క్షిపణి పడవల దాడికి గుర్తు.) పిల్లలు మూగారు. రాజూరా నుంచొచ్చిన కుర్రాడొకడు, “అన్నా, సినిమాల జూసినం గదా, ఎస్-21 ఏది?” అన్నాడు. 2017లో సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ మన కుర్రాళ్లందరికీ వచ్చు. మంచి సినిమాయే, నేనూ రెండుసార్లు చూశాను. అందులో మన జలాంతర్గామి ఘాజీతో పోరాడుతుంది. ఎస్-21 అన్న సంఖ్య నిజానికి కరంజ్ అనే జలాంతర్గామిది. రెండు దేశాల కథనాల్లోనూ ఘాజీతో పోరాడిన మన జలాంతర్గామి ఏదీ లేదు. కుర్రాడికి ఆ మాట చెబితే మొహం చిన్నబుచ్చుకున్నాడు.

అట్ట మీద రాత దగ్గర అసలు గొడవ వచ్చింది. ‘ఘాజీని ముంచిన వీరనౌక రాజ్‌పుత్’ అని రాయమన్నారు నిర్వాహకులు. ఆ ఒక్క క్రియ తీసేద్దామన్నాను. “గట్ల రాస్తే పిల్లలకేం జెప్తం?” అని ఒకరు, పరాయి రాష్ట్రంలో ఉంటూ మనమే దేశాన్ని తక్కువ చేసినట్టుంటుందని ఇంకొకరు. ఆ రెండో మాటలో ఉన్న భయం నాకు తెలుసు. మరాఠీవాళ్ల మధ్య, తెలుగు బోర్డు కింద నిలబడి, మన దేశభక్తిని ఒక పిసరు ఎక్కువ చూపించుకోవాలని మనకుంటుంది. ఘాజీని అసలు పెట్టొద్దన్నవాళ్లూ ఉన్నారు, శత్రువుల పడవకి దండం పెట్టాలా అని. అందులో 93 మంది ఉన్నారనీ, వాళ్లు ఈనాటికీ మన విశాఖ జాలర్లు వలలేసే నీళ్ల కిందే ఉన్నారనీ అన్నాను.

నౌకాదళంలో ఇంజను పని చేసి, కొడుకు ఉద్యోగం వల్ల చంద్రపూర్ చేరిన శ్రీకాకుళం పెద్దాయన ఒకరు అక్కడే కుర్చీలో ఉన్నారు. ఆయన లేచి వచ్చి అట్ట చేతిలోకి తీసుకున్నారు. “ఏటి బాబూ ఈ గొడవ? మనోడు రేవు నించి ఎళ్లేడా? ఎళ్లేడు. మందుగుండు ఏసేడా? ఏసేడు. పడవ ములిగిందా? ములిగింది. ఆ మూడూ రాయి. నాలుగోది నువ్వు సూసేవా, నేను సూసేనా?” అన్నారు. “అలాగే బాబాయిగారూ” అని ఆ మూడే రాశాను. ఒకరిద్దరు భోజనానికి ఉండకుండా వెళ్లిపోయారు. అట్ట ఇప్పటికీ అదే.

రాజ్‌పుత్‌కి ఇంకా ఒక పని మిగిలి ఉంది. 1976లో దాన్ని విరగ్గొట్టారు. బ్రిటిష్ నాటి ఫోటోలు సులువుగానే దొరుకుతాయి గాని, అవి నేను చేసిన తేదీకి మూడు దశాబ్దాల ముందువి. నాకు కావలసింది 1969 నుంచి 1972 లోపు తీసిన ఫోటో, ముఖ్యంగా వెనకభాగం, డెప్త్‌చార్జీలు పెట్టే చోటు కనబడేది. ఈ పత్రిక చదివేవారిలో ఆ రోజుల్లో విశాఖ రేవులోనో, హిందుస్థాన్ షిప్‌యార్డులోనో పనిచేసినవాళ్ల పిల్లలు ఉండే ఉంటారు. ఇంట్లో పాత ఆల్బములో నాన్నగారి వెనక ఓ బూడిదరంగు ఓడ, దాని పక్కన డీ-141 అని కనబడితే, పత్రిక చిరునామాకి ఒక కాపీ పంపండి. వెనకవైపు తేదీ ఏమైనా రాసి ఉంటే అదీ కాపీ తీయండి.